ఆకాశం చుట్టి వచ్చిన మాట

రేకు పెట్టె వచ్చి గంట దాటింది. ఆటో అతను దించిపోయిన చోటే, వసారాలో, చెప్పుల పక్కన ఉంది. ఎవరూ దాని మూత తెరవలేదు.

తెరవనక్కర లేదు కూడా. లోపల ఏమేమున్నాయో తాజ్‌బీ కళ్లు మూసుకుని చెప్పగలదు. కాబోయే అల్లుడి కోసం గద్వాల బజారంతా తిరిగి ఎంచిన బట్టలు, అత్తరు సీసా, చేతి గడియారం, వియ్యపురాలికి పెట్టిన జరీ చీర. పోయిన శుక్రవారం ఫోనులో జరగాల్సిన నిఖా సగంలో ఆగిపోయింది. ఈ మంగళవారం పొద్దున్నే వనపర్తి నుంచి అన్నీ తిరిగి వచ్చాయి, మడత చెదరకుండా.

పెట్టెతో పాటు పిల్లవాడి తల్లి పంపిన ఒక మాట కూడా వచ్చింది. ఆటో అతను దాన్ని బట్టీ పట్టినట్టు అప్పగించి, ఇచ్చిన నీళ్లు సగం తాగి, తలవంచుకుని వెళ్లిపోయాడు.

"మా యాసర్ మూడుసార్లు కబూల్ అన్నడు. పిల్ల తండ్రే ఒద్దని ఫోను పెట్టేసిండు. మీ సామాను మీకాడనే ఉండనీ."

తాజ్‌బీ భర్త బషీర్ గోడవారగా కూర్చుని యాంప్లిఫయరు మూత విప్పి మళ్లీ బిగిస్తున్నాడు. అందులో చెడిపోయిందేమీ లేదు. చేతులకు ఏదో ఒక పని కావాలి.

"విన్నరు కద," అంది తాజ్‌బీ.

"విన్న."

"పిల్లగాడు చెప్పిండంట."

"చెప్తే నాకు వినపడకపోవునా? ఇరవై రెండేండ్ల సంది మైకు నడుపుతున్న. గుంపుల ఎవడు దగ్గిండో చెప్పగలుగుత. నా బిడ్డ నిఖాల ఆ ఒక్క మాట నాకు వినపడకుంట ఉంటదా?"

"చెప్పకుంటనే చెప్పిన అంటడా?"

"వాళ్ల అమ్మ అంటుంది. వాడు అన్నడో లేదో ఎవరికి ఎర్క?"

తాజ్‌బీ లేచింది. లోపలికి వెళ్లి చాయ్ తెచ్చి అతని మోకాలి పక్కన పెట్టింది. ఈ నాలుగు రోజుల్లో ఆమె అతని ముఖం సరిగా చూడలేదు. కాని చాయ్ ఒక్క పూట కూడా ఆలస్యం కాలేదు. బషీర్‌కు అది తెలుస్తూనే ఉంది. తెలిసినట్టు ఒక మాట అంటే బాగుండేది. అనలేకపోయాడు.

గద్వాలలో అతన్ని మైకు బషీర్ అంటారు. పెళ్లిళ్లకు, ఉరుసులకు, జాతర్లకు, చావు కబుర్లకు అన్నిటికీ అతని గొంతే. అది తెలియని వీధి లేదు. అతనికి ముబషిరా ఒక్కతే కూతురు. పెళ్లికొడుకు యాసర్‌కు గల్ఫులో రోడ్లు వేసే కంపెనీలో పని. ఎడారి మధ్యలో క్యాంపు. ఏడాదికి గాని సెలవు దొరకదు. నిఖా ఫోనులో కానిచ్చి, పిల్లను పంపడం అతను వచ్చాక చూసుకుందామని రెండు ఇళ్లవాళ్లూ అనుకున్నారు.

అటువంటి నిఖాలు ఊళ్లో అప్పటికే నాలుగైదు జరిగాయి. వాటిలో ఖాజీ సాబూ ఇద్దరు సాక్షులూ తప్ప మిగతావాళ్లంతా గోడలు చూస్తూ కూర్చోవలసి వచ్చిందని బషీర్‌కు ఒక వెలితి. తన బిడ్డ నిఖా వీధి చివరిదాకా వినపడాలనుకున్నాడు. హైదరాబాదు నుంచి స్పీకరు ఫోను తెప్పించాడు. దాని ముందు మైకు నిలబెట్టాడు. ఇంటి కప్పు మీద రెండు హారన్లు కట్టాడు.

ముబషిరా కబూల్ అని తన ఒప్పుకోలు ముందే స్పష్టంగా చెప్పింది. తర్వాత ఖాజీ సాబ్ ఫోను వైపు వంగి యాసర్‌ను అడిగాడు. జవాబు రాలేదు. ఎవరో హలో అన్నారు. వెంటనే పదిమంది హలో హలో అన్నారు. ఖాజీ సాబ్ రెండోసారి అడిగాడు. మళ్లీ అంతే. మూడోసారి అడిగేసరికి కప్పు మీద హారన్లు కూత పెట్టాయి. వీధిలో ఎవరో నవ్వారు. ఆ నవ్వు బషీర్ చెవిలో పడింది.

"ఒద్దులే సాబ్. మనసు లేనోన్ని ఎన్నిసార్లు అడుగుతరు?" అని కేక వేసి ఫోను పెట్టేశాడు. పెట్టేసి ఊరుకోలేదు. గోడలో ఉన్న తీగ కూడా పీకేశాడు.

ఆ కేక కూడా హారన్లలో వీధి చివరిదాకా వినపడింది.

పెళ్లికూతురు సిగ్గుపడి మాట్లాడకపోతే ఒప్పుకున్నట్టే అని పెద్దలు అంటారు. మరి పెళ్లికొడుకు మాట్లాడకపోతే? వీధిలో నాలుగు రోజులుగా నలుగుతున్నది ఈ ప్రశ్నే. జవాబు చెప్పాల్సినవాడు ఈ శనివారం ఎడారిలో ఇంకా లోపలి సైటుకు మారిపోతాడు. అక్కడ ఫోను లేదు. ఎనిమిది నెలల దాకా అతని గొంతు ఎవరికీ వినపడదు. ఈలోగా రెండు ఇళ్లు కలవకపోతే ఇక కలవవని అందరికీ తెలుసు.

సాయంత్రం ముబషిరా బడి నుంచి వచ్చింది. రెండు వీధుల అవతల ఒక చిన్న బడిలో ఆమె లెక్కలు చెబుతుంది. శనివారం కూడా మానలేదు, సోమవారం కూడా మానలేదు. పెట్టెను చూసింది. పక్కకు జరిగి దాటి లోపలికి వచ్చి, నాలుగు రోజుల తర్వాత మొదటిసారి తండ్రితో మాట్లాడింది.

"టెలిఫోను ఆఫీసుల చెప్పొచ్చిన అబ్బా. రేపు పొద్దున మనిషిని తోలిస్తమన్నరు."

"ఎవరికి చేయనీకి ఫోను?"

"ఎవరికని కాదు. గట్ల పీకేసిన తీగ కండ్ల ముందర ఏలాడుతుంటే ఇంట్ల అన్నం పోతలేదు."

బషీర్ చేతిలో స్క్రూడ్రైవరు ఆగింది. ఆమె అప్పటికే వంటగదిలోకి వెళ్లిపోయింది.

*

మరునాడు ఎనిమిది కాకముందే బాలస్వామి వచ్చాడు. ఉద్యోగంలో ఇంకో ఏడాది మిగిలిన టెలిఫోను మెకానిక్కు. సొంత ఊరు వీపనగండ్ల. బషీర్‌కు పాత పరిచయమే. ఉత్సవాల్లో అతని హారన్ల తీగలూ తన ఫోను తీగలూ ఒకే స్తంభం మీద చిక్కుపడితే ఇద్దరూ కలిసి విప్పుకున్న రోజులున్నాయి.

గోడ దగ్గర వంగి చూసి అతను నవ్వలేదు. అది చిన్న మేలు.

"ఇది తెగిన తీగ కాదు బషీర్ భాయ్. పీకిన తీగ."

"పీకిన. కోపంల."

"ఏం ఫర్వాలేదు. పీకింది బిగించొచ్చు. ఎలకలు కొరికిందే కష్టం."

రెండు నిమిషాల్లో బిగించాడు. అప్పుడు అతని చూపు స్పీకరు ఫోను మీద పడింది. దాన్ని తిప్పి చూస్తూ ఇది ఎందుకు తెచ్చావని అడిగాడు. శుక్రవారం సంగతి అతనికీ తెలుసు. ఊళ్లో తెలియనిదెవరికి? కాని తెలిసినట్టు మాట్లాడలేదు. బషీర్ నోట మొత్తం చెప్పించుకుని విన్నాడు. పిల్లవాడు ఉండేది ఏ ఊరని అడిగాడు. ఊరు కాదు, ఎడారి అని బషీర్ చెప్పాడు. క్యాంపు ఆఫీసు కప్పు మీద పెద్ద ఇనుప గొడుగు ఉంటుందని, దాని పక్కన నిలబడి దిగిన ఫోటో యాసర్ పంపాడని తాజ్‌బీ తలుపు చాటు నుంచి అంది.

బాలస్వామి తల పైకెత్తాడు.

"గొడుగున్నదంటే ఆ ఫోనుకు భూమ్మీద తీగ లేదు అక్కా. మాట ఆకాశానికి పోతది. పైన ఉపగ్రహం ఉంటది, ముప్పై ఆరు వేల కిలోమీటర్ల ఎత్తుల. దానికి తాకి వాళ్ల పట్నంల దిగుతది. ఆడికెల్లి మనదేశానికి రానీకి ఇంకో ఉపగ్రహం ఎక్కుతది. రెండుసార్లు ఎక్కుడు, రెండుసార్లు దిగుడు. మనం అడిగింది గట్లనే పోవాలె, ఆయన చెప్పింది గట్లనే రావాలె."

"ఎంతసేపు పడతది?" అన్నాడు బషీర్.

"పోనురాను ఒక సెకను మీద జర ఎక్కువ. ఆ పిల్లగాడు ఊపిరి తీసుకొని నోరు తెరిచేది కలుపుకుంటే రెండు."

బషీర్‌కు నవ్వు రాబోయి ఆగింది. రెండు సెకన్ల కోసం ఎవరైనా నిఖా ఆపుకుంటారా? ఐదు రోజుల కింద నేను ఆపుకున్నాను కదా అన్న ఆలోచన ఆ నవ్వును మధ్యలోనే పట్టుకుంది.

"మా వీపనగండ్లల బాయిలు నీకెర్కనే," అన్నాడు బాలస్వామి. "రాయి ఏస్తే సప్పుడు వెంటనే వస్తదా? చెవి పెట్టి ఆగాలె. మీరు రాయి ఏసిండ్రు. సప్పుడు రాకముందే హలో అని ఇంకో రాయి ఏసిండ్రు. ఆ మీద ఇంకోటి. అన్నిటికన్న పెద్దది ఈ డబ్బా చేసిన పని. ఇటు మాట్లాడితే అటు మాటను మింగుతది ఇది. రెండు గొంతులు ఒకసారి పట్టవు దీన్ల. మీ హలోలు, నీ హారన్ల మోత, అన్నీ దీన్లకే పోయినయ్. పిల్లగాడు చెప్తనే ఉండొచ్చు. డబ్బా మింగుతనే ఉండొచ్చు."

"ఉండొచ్చు అంటున్నవ్. చెప్పిండని ఎట్ల నమ్మాలె?"

బాలస్వామి డబ్బా కింద పెట్టి, మెల్లగా అడిగాడు.

"కాసెట్ చేయలేదా నువ్వు?"

తాజ్‌బీ భర్త వైపు చూసింది. ఊళ్లో ఎవరి పెళ్లయినా కాసెట్ చేసి ఇచ్చే మనిషి సొంత బిడ్డ నిఖాకు చేయకుండా ఉంటాడా అని ఆమెకు ఇన్ని రోజులూ తట్టనే లేదు. బషీర్‌కు తట్టకపోవడం కాదు. అది మళ్లీ వినే ధైర్యం లేక సామాన్ల గదిలో గోనెసంచి కింద దాచాడు.

తెచ్చి పెట్టాడు. బడికి బయల్దేరిన ముబషిరా టిఫిన్ డబ్బా చేతిలో పట్టుకుని గడపలోనే ఆగిపోయింది.

ఖాజీ సాబ్ గొంతు. ప్రశ్న. తర్వాత ఒక్క క్షణం గుసగుస. వెంటనే హలో, హలో, హలో. ఆ హలోలు అలిసిపోయి ఆగిన చోట, బాలస్వామి వేలు పైకెత్తాడు. వెనక్కి తిప్పించి మళ్లీ పెట్టించాడు. ఈసారి అందరికీ వినపడింది. దూరంగా, సగం తెగి, ఒక తోక.

"...ల్ హై."

రెండోసారి అంత కూడా లేదు. ఒక ఊపిరి, దాని మీద పది గొంతులు.

మూడోసారి హారన్ల కూత, వీధిలో నవ్వు, ఆ పైన బషీర్ కేక. తన గొంతు తనకే అంత గరుకుగా ఉందని అతను మొదటిసారి విన్నాడు. కేక అయిపోయింది. ఫోను పెట్టిన చప్పుడు ఇంకా రాలేదు. ఆ రెండింటి నడుమ ఉన్న సందులో, ఇంట్లో మనిషి పక్కన నిలబడి చెప్పినంత నిండుగా యాసర్ గొంతు వినపడింది.

"కబూల్ హై."

తర్వాత టక్కుమని చప్పుడు. ఆ రోజు అందరి చెవులూ బషీర్ కేక మీదే ఉండి ఈ మాట ఎవరికీ పట్టలేదు.

బషీర్ కాసెట్ ఆపలేదు. అది ఖాళీగా తిరుగుతూనే ఉంది. ముబషిరా వచ్చి మీట నొక్కి ఆపింది.

"బడికి ఆలస్యమైతుంది," అని ఆమె తల్లితో చెప్పి వెళ్లిపోయింది. పెట్టె దాటేటప్పుడు ఆమె నడక నిన్నటికన్న తేలికగా ఉందని తాజ్‌బీకి అనిపించింది. అనిపించిందో, అలా అనుకోవాలని ఉందో ఆమెకే తెలియదు.

"ఇంక కూసున్నరేంది?" అంది భర్తతో. "వనపర్తి బస్సు తొమ్మిదింటికి."

*

ఎర్రవల్లి చౌరస్తా దాకా బషీర్ టేపు రికార్డరు చంకలో పెట్టుకుని నిలబడే వెళ్లాడు. బీచుపల్లి వంతెన మీద కృష్ణానది కనపడేసరికి ఒక ముసలమ్మ జరిగి చోటిచ్చింది. పెబ్బేరు దాటేదాకా ఏం మాట్లాడాలో వరస పెట్టుకున్నాడు. వనపర్తిలో దిగేసరికి ఆ వరసలో ఒక్క ముక్క గుర్తు లేదు.

యాసర్ తల్లి హుసేన్‌బీకి బస్టాండు వెనక సందులో గాజుల కొట్టు. భర్త పోయాక ఇద్దరు పిల్లలను ఆ కొట్టు మీదే పెంచింది. బషీర్‌ను చూసి ఆమె లేవలేదు. కూర్చోమనలేదు. ఎదురుగా ఉన్న పిల్ల చేతికి గాజులు ఎక్కిస్తూనే ఉంది.

"మైకు తేలేదా?" అంది. "నా కొడుకు మనసు లేనోడని గద్వాలంత చెప్పినవ్. వనపర్తిల గూడ చెప్పిపో. హారను కట్టనీకి మా కొట్టు మీద చోటుంది."

బషీర్ టేపు రికార్డరు బల్ల చివర పెట్టాడు. వినమని అడిగాడు. ఆమె గాజులు ఎక్కించడం పూర్తిచేసి, పిల్లను పంపి, చేతులు తుడుచుకుని, అప్పుడు వింది.

మొదటి తోక దగ్గర ఆమె కళ్లు చిట్లించింది. చివరి మాట దగ్గర కొంగు నోటికి అడ్డం పెట్టుకుంది. కొడుకు గొంతు అంత దగ్గరగా విని ఏడాది దాటింది. ఇంకోసారి పెట్టమంది. బషీర్ పెట్టాడు. మరోసారి అడిగితే మరోసారి పెట్టాడు. ప్రతిసారీ తన కేక కూడా వినవలసి వచ్చింది. విన్నాడు.

"తప్పు నాదే బహెన్," అన్నాడు. బాలస్వామి చెప్పిన బావి సంగతి, ఆకాశం సంగతి తనకు వచ్చినట్టు చెప్పాడు.

ఆమె అంతా విని తల అడ్డంగా ఊపింది.

"నాకు ఆకాశం సంగతి తెల్వదు. నా పిల్లగాడు అటు దిక్కు మూడుసార్లు కబూల్ అన్నడు. ప్రతిసారి నీ ఇంట్లోళ్ల హలోలే వినొచ్చినయంట. కడకు నీ కేక. శనివారం నాకు ఫోను చేసి ఏడ్వలేదు. ఏడ్చినా బాగుండు. అన్నం తిన్నవా బేటా అంటే తిన్న అన్నడు, అంతే." ఆమె టేపు రికార్డరు అతని వైపు జరిపింది. "ఇప్పుడు నా చెవుల చెప్తున్నవ్. మైకుల తిట్టి చెవుల మాఫీ అడుగుతరా? ఎంత దూరం ఇనపడేటట్టు తిట్టినవో అంత దూరం ఇనపడేటట్టు చెప్పు. అప్పుడు రేపు ఫోను చేసినప్పుడు వానికి నేను చెప్త, శుక్రవారం మీ ఇంటికి చేయమని."

బషీర్ తలవంచి ఒప్పుకున్నాడు. ఏం చెప్పాలో అడగలేదు. ఆమె కూడా నేర్పలేదు. బయల్దేరుతుంటే మాత్రం, ఎండలో వచ్చినవ్, నీళ్లు తాగిపో అంది.

*

ఆ సాయంత్రం గద్వాలలో హారన్లు మోగాయి. అలవాటు ప్రకారం మొదట గొంతు సవరించుకున్న చప్పుడు, తర్వాత రెండుసార్లు మైకు మీద వేలితో కొట్టిన చప్పుడు. ఎవరో పోయారేమో అనుకుని ఆడవాళ్లు వాకిళ్లలోకి వచ్చారు.

"అందరికీ సలాము, నమస్కారం. నేను బషీర్‌ని. మొన్న శుక్రవారం మా యింట్ల నిఖా ఆగింది పిల్లగాని తప్పు కాదు. ఆయన మూడుసార్లు ఒప్పుకున్నడు. వినకపోయింది నేను. ఆగకపోయింది నేను. కాసెట్ పెడుతున్న. మీరే వినుండ్రి."

తర్వాత యాసర్ గొంతు వీధి చివరిదాకా వెళ్లింది. పాల కేంద్రం ముందు నిలబడినవాళ్లు విన్నారు. ఆ రోజు నవ్వినవాడు కూడా విన్నాడేమో. ఎవరూ నవ్వలేదు. వంటగదిలో తాజ్‌బీ పొయ్యి దగ్గర కూర్చుని పైట చెంగుతో ముఖం తుడుచుకుంది. ఇరవై రెండేళ్లుగా ఆ గొంతు ఊరి కబుర్లన్నీ చెప్పింది. దాని నుంచి ఇల్లు వినాల్సిన మాట ఇవాళే వచ్చింది.

ముబషిరా పిల్లల నోటు పుస్తకాలు దిద్దుతోంది. తండ్రి మెట్లు దిగి వస్తే తలెత్తి, మంచినీళ్ల చెంబు అతని వైపు జరిపింది.

*

శుక్రవారం నమాజు అయ్యాక పదిహేను మంది మాత్రమే వచ్చారు. హుసేన్‌బీ వనపర్తి నుంచి పొద్దున్నే వచ్చి తాజ్‌బీ పక్కన చాప మీద కూర్చుంది. ఇద్దరూ ఇంకా నిండుగా మాట్లాడుకోలేదు గాని, ఒకే తాంబాళంలో ఖజూరాల గింజలు తీస్తున్నారు.

బాలస్వామి సెలవు పెట్టి వచ్చాడు. స్పీకరు డబ్బాను అటక మీదికి ఎక్కించాడు. మామూలు ఫోను ఖాజీ సాబ్ ముందు పెట్టి, అదే లైనుకు ఇంకో రెండు ఫోన్లు కలిపాడు. ఒకటి సాక్షులిద్దరికీ, ఒకటి పిల్ల తండ్రిగా బషీర్‌కు. తర్వాత గది మధ్యలో నిలబడి అందరికీ ఒక్కటే చెప్పాడు. ఖాజీ సాబ్ అడిగాక మనసులో ఒకటి, రెండు, మూడు అనుకోవాలి. అందాకా దగ్గకూడదు కూడా.

తాజ్‌బీకి ఆ మాట మీద నమ్మకం చాలలేదు. పటికబెల్లం పళ్లెం తెచ్చి తలా ఒక పెద్ద ముక్క నోట్లో పెట్టించింది.

"నిఖా అయినంక ఇస్తరు కదమ్మా తీపి," అన్నాడు ఒక సాక్షి.

"నోరు మూస్తదని ముందే ఇస్తున్న," అంది ఆమె.

క్యాంపు మేనేజరు పదిహేను నిమిషాలు ఇచ్చాడట. రెండు దాటి పది నిమిషాలకు ఫోను మోగింది.

ఖాజీ సాబ్ ముందు పెళ్లికూతురిని అడగబోయాడు, పద్ధతి ప్రకారం. పరదా వెనక నుంచి ముబషిరా, మొన్న నేను ముందు చెప్పిన, ఈసారి ముందు ఆయనను అడగండి అంది. ఖాజీ సాబ్ పెన్ను పట్టుకుని ఆగాడు. బషీర్ వైపు చూశాడు. బషీర్ కానివ్వమన్నట్టు తల ఊపాడు.

ఖాజీ సాబ్ అడిగాడు.

గదిలో పదిహేను మంది బుగ్గల్లో పటికబెల్లం పెట్టుకుని ఊపిరి బిగబట్టారు. ఒకటి. రెండు.

"కబూల్ హై."

మళ్లీ అడిగాడు. మళ్లీ అంత దూరం వెళ్లి, అంత దూరం నుంచి వచ్చింది. మూడోసారి కూడా. చివరి మాట విని బషీర్ తల ఊపగానే హుసేన్‌బీ చేతిలోని ఖజూరం తాంబాళంలో పడింది. తాజ్‌బీ ఆమె మోచేతి మీద చేయి వేసింది. ఎవరి కొంగు ఎవరు పట్టుకున్నారో తెలియలేదు.

అప్పుడు ఖాజీ సాబ్ పరదా వైపు తిరిగి ముబషిరాను అడిగాడు. జవాబు రాలేదు. ఆయన చిన్నగా నవ్వి, పిల్ల మౌనం ఒప్పుకోలే కదా అని పెన్ను కాగితం మీద ఆనించాడు.

"రాయొద్దు ఖాజీ సాబ్," అంది ముబషిరా. "నేను ఊకనే ఉన్న గాని ఇంక చెప్పలేదు. ఆయనను ఒకటి అడగాలె."

తాజ్‌బీ బిడ్డా అని ఏదో అనబోయింది. బషీర్ చేయెత్తి వారించాడు. లేచి ఖాజీ సాబ్ దగ్గరి ఫోను తానే తీసి, పరదా లోపలికి అందించాడు. తన చెవి దగ్గరిది మాత్రం అలాగే ఉంది.

"మీరు వింటున్నరా?" అంది ఆమె.

ఒకటి. రెండు. "వింటున్న."

"ఇన్ని రోజులు మీరు ఏమనుకున్నరు? నేనే ఒద్దన్ననని నమ్మినరా?"

ఒకటి. రెండు. మూడు. బషీర్ లెక్క నాలుగుకు వెళ్లింది. ఐదుకు వెళ్లింది. ఆకాశానికి పట్టే సమయం ఎంతో అతనికిప్పుడు తెలుసు. ఇది అది కాదు. ఇది పిల్లవాడి సొంత మౌనం. మొన్నటి మనిషే అయితే ఈపాటికి కేక వేసి ఉండేవాడు. పళ్లు బిగించి కూర్చున్నాడు.

"నమ్మిన," అన్నాడు యాసర్. "నమ్మి, ఈ లోపలి సైటుకు పోయి మళ్ల ఊరి మొకం చూడొద్దనుకున్న."

పరదా వెనక గాజులు కదిలాయి.

"నేను గూడ నమ్మిన," అంది ముబషిరా. "మీకే మనసు లేదని."

ఆమె ఫోను మీద చేయి అడ్డం పెట్టి, ఇంకా ఎంత సమయం ఉందని తండ్రిని అడిగింది. ఎనిమిది నిమిషాలని బాలస్వామి చెప్పాడు.

"అయితే మీరంత జర బయట కూసోండి అబ్బా. ఇప్పటిదాకా మా ఇద్దరి మాటలు అందరు విన్నరు గాని మేమే మాట్లాడుకోలేదు. అయినంక ఖాజీ సాబ్ అడిగితే చెప్త."

ఖాజీ సాబ్‌కు అది నచ్చలేదు. నిఖా సగంలో ఉండగా ఇదేం పద్ధతి అని గొణిగాడు. హుసేన్‌బీ మోకాళ్ల మీద చేతులానించి అందరికన్న ముందు లేచింది.

"నడువుండ్రి సాబ్. నా కొడుకు ఏడాది సంది ఎవరితోనన్న పది మాటలు మాట్లాడిండో లేదో."

బషీర్ తన చేతిలోని ఫోను పెట్టాడు. చప్పుడు కాకుండా, రెండు చేతులతో పెట్టాడు. సాక్షుల దగ్గరిది బాలస్వామి తీసేశాడు. పదిహేను మందీ వసారాలోకి వచ్చి, చెప్పులు జరుపుకుని, ఎవరికి దొరికిన చోట వాళ్లు కూర్చున్నారు. తలుపు దగ్గరగా వేసింది తాజ్‌బీ.

లోపల ఆమె గొంతు. తర్వాత మౌనం. మళ్లీ ఆమె గొంతు. మాటలు తెలియడం లేదు. చెవి కాస్త ఇటు తిప్పితే తెలిసేవేమో. బషీర్ తిప్పలేదు. ఎండ గడపదాకా వచ్చింది. పటికబెల్లం నోట్లో దాదాపు కరిగిపోయింది.

ఉన్నట్టుండి లోపల ముబషిరా నవ్వింది. ఆగి, మళ్లీ నవ్వింది.

తాజ్‌బీ తలెత్తి భర్త ముఖం చూసింది, వారం తర్వాత, సరిగా.

ఖాజీ సాబ్ ఒళ్లో పుస్తకం తెరిచి ఉంది. యాసర్ పేరు పక్కన రాత పడింది. ముబషిరా పేరు పక్కన ఇంకా ఖాళీగా ఉంది. ఆయన గడియారం చూసుకుని, ఏమంటది బషీర్ భాయ్ నీ బిడ్డ, ఔనంటదా కాదంటదా అని అడిగాడు.

"తెల్వదు సాబ్," అన్నాడు బషీర్, గోడకు వీపు ఆనించి. "ఇంక ఐదు నిమిషాలున్నయ్. మాట్లాడుకోనీయుండ్రి."